కనకదుర్గగారి తోడు గిన్నె

ఆ శనివారం రాధాకృష్ణ చేయవలసిన పనులు ఇవి. కూతురు స్మృతిని పొద్దున్నే ఫేయెట్‌విల్‌లో డిబేట్ పోటీకి దింపాలి. కారుకి ఆయిల్ మార్పించాలి. పెరట్లో రాలిన ఆకులు సంచులకెత్తాలి. కనకదుర్గగారి ఇల్లు తెరిచి హీటర్ వేసి రావాలి. సాయంత్రం ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లి ఆవిణ్ణి తీసుకురావాలి. తీసుకొచ్చాక ఆవిడ తోడు ఆవిడకి అప్పగించాలి.

అన్నిటిలోకీ చివరిదే తేలిక పని అనుకున్నాడు రాధాకృష్ణ. ఫ్రిజ్ తెరవడం, గిన్నె తీయడం, చేతిలో పెట్టడం. అంతే కదా.

బెంటన్‌విల్‌లో ఇప్పుడు వీధికో తెలుగు ఇల్లు ఉందిగానీ, కనకదుర్గగారు కాపురానికి వచ్చిన రోజుల్లో కరివేపాకు కొనాలన్నా రాష్ట్రం దాటాల్సి వచ్చేది. ఆవిడ వస్తూ వస్తూ తెనాలిలో వాళ్లమ్మగారి పెరుగులో ఒక జేబురుమాలు ముంచి, నీడన ఆరబెట్టి, మడిచి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వచ్చారు. ఇక్కడికొచ్చాక గోరువెచ్చటి పాలలో ఆ రుమాలు నానేశారు. తెల్లారేసరికి పాలు తోడుకున్నాయి. ఆ తర్వాత ఊళ్లోకి ఏ తెలుగు కుటుంబం దిగినా, ఇంటర్నెట్ కనెక్షన్ రాకముందే ఆవిడ తోడు వచ్చేది. ఊళ్లో ఎవరింట పెరుగు తిన్నా అది తెనాలి రుమాలు సంతానమే.

వేసవికి ముందు కూతురి పురిటికి జెర్సీ సిటీ వెళుతూ ఆవిడ ఆ తోడున్న స్టీలు గిన్నెని రాధాకృష్ణ చేతిలో పెట్టారు. గిన్నె అంచున ఆవిడ పేరు చెక్కి ఉంది.

"మీ ఆవిడ మీనాకి ఇవ్వను. దానికి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవడమే గుర్తుండదు. నువ్వు డ్యూటీ మనిషివి. రోజూ కాసిని పాలు పోసి తోడు పెడుతుండు నాయనా, చాలు. ఇది పోయిందంటే మా అమ్మ రెండోసారి పోయినట్టే" అన్నారు.

"మీరు నిశ్చింతగా వెళ్లండి ఆంటీ. దాని సంగతి నాకొదిలేయండి" అన్నాడు రాధాకృష్ణ. ఆఫీసులో కూడా ఆయన ఇలాగే అంటాడు. అక్కడ సాధారణంగా నిలబెట్టుకుంటాడు.

స్మృతిని దింపి వచ్చి ఫ్రిజ్ తెరిచాడు. గిన్నె లేదు. కింద అరలో చూశాడు. కూరగాయల డ్రాయర్‌లో చూశాడు. తిరిగి చూస్తే సింకు పక్కన రాక్‌లో గిన్నె శుభ్రంగా తోమి బోర్లించి ఉంది.

"మీనా, ఇందులో పెరుగేదీ?"

మీనా ఓట్స్ కలుపుతోంది. "నన్నడుగుతారేం? రోజూ తోడు పెడుతోంది మీరేగా."

"నేనెక్కడ? ట్రైగ్లిజరైడ్స్ రిపోర్ట్ వచ్చాక పెరుగన్నం మాన్పించావు కదా. అప్పట్నుంచి నువ్వే చూసుకుంటున్నావనుకున్నా."

"నేను పాలే ముట్టడం మానేశాను కదండీ. ఇంట్లో ఆ బాదం పాలు ఎవరు తాగుతున్నారనుకున్నారు?"

"స్మృతి అనుకున్నా."

"అది తాగేది సోయా."

ఇద్దరూ గిన్నె వైపు చూశారు. రాధాకృష్ణకి ఆరోగ్యం కోసం అన్నం పోయింది, అన్నం పోయాక పెరుగుకి పని పోయింది. మీనాకి మొహం మీద మొటిమలు వస్తే ఎవరో పాలు మానమన్నారు. స్మృతిది ఆరోగ్యం గొడవ కాదు, ధర్మం గొడవ. పోయినేడు స్కూలు వాళ్లు డైరీ ఫారం చూపించడానికి తీసుకెళ్లారు. తల్లి దగ్గర్నుంచి దూడని వేరు చేసి కట్టేసిన చోట నిలబడి వచ్చి, ఆ సాయంత్రమే వీగన్ అయిపోయింది. ఇప్పుడు స్కూల్లో వీగన్ క్లబ్బుకి సెక్రటరీ.

"అదే పారబోసి ఉంటుంది" అంది మీనా గొంతు తగ్గించి. "మొన్న భోజనాల దగ్గర దూడల గురించి చెప్పలా?"

"అడుగుదామా?"

"మీరడగండి."

రాధాకృష్ణ ఒక్క క్షణం ఆలోచించాడు. కిందటిసారి నెయ్యి గురించి అడిగితే స్మృతి టీవీకి లాప్‌టాప్ తగిలించి స్లైడ్లు వేసింది. పైగా పోటీ జరుగుతుండగా ఫోన్ తీయదు. "వద్దులే" అన్నాడు.

"ఎండుమిరపకాయ తొడిమలు వేస్తే పాలు తోడుకుంటాయట. మా అత్తయ్య చేసేది."

"అది తోడుకోవచ్చు మీనా. కానీ అది ఆవిడ తోడు కాదు. రెజ్యూమేలో ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టినట్టుంటుంది. ఆవిడ నాలిక మీద పెట్టుకోగానే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికిపోతాం."

అప్పుడు ఆయనకొక మార్గం తోచింది. ఊరంతా ఉన్నది ఆ తోడు పిల్లలే. ఏ ఇంట్లోంచి ఒక చెంచా తెచ్చినా వంశం నిలబడుతుంది. కనకదుర్గగారికి చెప్పాల్సిన అవసరమే రాదు.

ముందు పక్కింటి సత్యం దగ్గరికి వెళ్లాడు. సత్యంది వరంగల్. రాధాకృష్ణ పనిచేసే కంపెనీకే కాంట్రాక్టర్. షుగర్ బార్డర్‌లో ఉందని తెలిసినప్పట్నుంచి కీటో డైట్‌లో ఉన్నాడు. తలుపు తీసేసరికి చేతిలో నాలుగు ఆమ్లెట్లున్న ప్లేటు ఉంది.

"తోడా? మా ఇంట్ల యాడిదన్నా. పాలల్ల షుగర్ ఉంటదని నేను పాలు బంద్ జేసిన. గ్రీక్ యోగర్ట్ డబ్బా తెచ్చుకుంటున్న. కావాల్నా?"

"గ్రీకు వద్దు సత్యం. తెనాలి కావాలి." రాధాకృష్ణ జరిగింది చెప్పి, చేయి పట్టుకున్నాడు. "ఎవరికీ తెలియకూడదు. ఆవిడకి అసలు తెలియకూడదు."

"నువ్వు రంది వెట్టుకోకు అన్నా. అర్ధగంటల సెట్ జేస్త."

సత్యం మంచివాడు. సాయం చేయడానికి వెనకాడడు, కాస్త ఆలోచించడానికే వెనకాడతాడు. రాధాకృష్ణ ఇంటికి చేరేలోపే ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఇలా పడింది: "అర్జెంట్. రాధాకృష్ణ అన్నకు పెరుగు గావాలె. ఇంట్ల చేసినదే గావాలె. ఎవరి దగ్గరున్నా జల్ది తీస్కపోయి ఇయ్యుండ్రి. ఎందుకని మాత్రం అడగొద్దు."

ఎందుకని అడగకూడని పెరుగు అవసరం లోకంలో ఒక్కటే ఉంటుంది. గ్రూపులో అందరికీ ఒకేసారి అదే తోచింది.

"సత్యం, ఆంటీ కూడా ఆ గ్రూపులో ఉన్నారయ్యా" అని రాధాకృష్ణ ఫోన్ చేశాడు.

"అరె, గట్లనా" అని సత్యం వెంటనే మెసేజ్ తీసేశాడు. తీసేసిన గుర్తు మాత్రం మిగిలింది. దాంతో చూడనివాళ్లు చూసినవాళ్లని అడిగారు, చూసినవాళ్లు తాము అనుకున్నది చెప్పారు. చెప్పగా చెప్పగా పొట్ట గడబిడ కాస్తా డీహైడ్రేషన్ అయింది.

మొదట వర్ష, నిశాంత్ వచ్చారు. కొత్తగా పెళ్లయిన జంట. నిశాంత్ చేతిలో గాజు సీసా.

"కొబ్బరి పాల పెరుగు ఆంటీ. క్రూయల్టీ ఫ్రీ. అంకుల్ ఎక్కడున్నారు?" అన్నాడు.

ఎదుటపడలేక రాధాకృష్ణ గరాజ్‌లో ఆకుల సంచుల వెనక ఉన్నాడు. "లోపలున్నారు" అంది మీనా.

వాళ్లిద్దరూ మొహాలు చూసుకుని సానుభూతిగా తలూపారు. "తొందరేం లేదు, రానివ్వండి" అంది వర్ష.

"అసలు ఆయనకేం కాలేదమ్మా. మీ ఇంట్లో కనకదుర్గగారి తోడు ఉండాలి కదా?"

"ఉండేది ఆంటీ. ఆవుల్ని హింసించకూడదని మానేశాం."

"మరి మొన్న పిక్నిక్‌లో చికెన్ వింగ్స్ తెచ్చారుగా."

నిశాంత్ కాస్త ఆలోచించాడు. "కోళ్ల గురించి ఇంకా చదవలేదు ఆంటీ."

తర్వాత వచ్చినవాళ్లు కొవ్వు తీసిన పాల పెరుగు తెచ్చారు. ఆ తర్వాత జీడిపప్పు పెరుగు వచ్చింది. లాక్టోజ్ లేని పెరుగు, మేకపాల పెరుగు, గ్లూటెన్ లేదని ప్రత్యేకంగా చీటీ అంటించిన పెరుగు వచ్చాయి. గోధుమల్లో ఉండే గ్లూటెన్ పెరుగులో ఎప్పుడుందని మీనా అడగలేదు, అడిగే ఓపిక అప్పటికే అయిపోయింది. ఎవరో బ్లూబెర్రీ పెరుగు కూడా తెచ్చారు. ఒకావిడ దానిమ్మ తొక్కల కషాయం ఫ్లాస్కులో పోసుకొచ్చి, గుమ్మంలోనే నిలబడి మోతాదు చెప్పింది. ప్రతి ఒక్కరూ తమ పెరుగు ఎందుకు మంచిదో, పక్కవాళ్లది ఎందుకు ప్రాణాంతకమో వివరించి మరీ వెళ్లారు. అందరిళ్లలోనూ ఒకప్పుడు తెనాలి తోడు ఉండేది. ఒకరిని డాక్టరు మాన్పించాడు, ఒకరిని పిల్లలు మాన్పించారు, ఒకరిని యూట్యూబ్ మాన్పించింది.

మధ్యాహ్నం దాటాక హనుమయ్యగారు ఫోన్ చేశారు. ఆయన కంపెనీలో పాత డేటాబేస్ మనిషి. ఉల్లి వెల్లుల్లి తినరు, బయట మంచినీళ్లయినా తాగరు.

"దుర్గమ్మగారి తోడు మా ఇంట్లో ఒక్కపూట తప్పలేదోయ్. గిన్నె తెచ్చుకో" అన్నారు.

రాధాకృష్ణకి ప్రాణం లేచొచ్చింది. స్టీలు గిన్నె చంకన పెట్టుకుని గరాజ్ తలుపు ఎత్తాడు. ఎదురుగా ఇంకో రెండు కుటుంబాలు పెరుగు డబ్బాలతో నిలబడి ఉన్నాయి. వాళ్లకి తన ఆరోగ్యం గురించి నచ్చజెప్పి, వాళ్లు నమ్మకపోతే కషాయం ఒక గ్లాసు వాళ్ల ముందే తాగి, బయటపడేసరికి పొద్దు వాలింది. నవంబరు పొద్దు ఎవరి కోసమూ ఆగదు.

హనుమయ్యగారి ఇంట్లో అగరొత్తుల వాసన వస్తోంది. ఆయన భార్య గిన్నె చూసి నొచ్చుకుంది. "అయ్యో, ఇప్పుడే దీపం పెట్టాను నాయనా. దీపం పెట్టాక పెరుగు గడప దాటించం."

"అర చెంచా చాలండి."

"అర చెంచా అయినా లక్ష్మి లక్ష్మే. రేపు పొద్దున్నే రా."

"ఇంకో గంటలో ఆవిడ దిగుతున్నారండీ."

హనుమయ్యగారు కళ్లజోడు సవరించుకున్నారు. "గడప దాటకూడదు గానీ, గడప లోపల ఎంతైనా తినొచ్చు. కూర్చో."

కూర్చోక తప్పలేదు. కంచంలో అన్నం, అన్నం మీద గట్టి పెరుగు, పక్కన మాగాయ పడ్డాయి. రాధాకృష్ణ నాలిక ఒక్కసారిగా పాత జ్ఞాపకాలన్నీ తవ్వి తీసింది.

"మేం షాపు పాలు కొనం" అన్నారు హనుమయ్యగారు. "ఆవు ఎలా ఉందో నా కళ్లతో చూడందే పాలు ముట్టను. డెకేటర్ దాటాక ఒక ఫారం ఉంది. దూడ తాగాకే పితుకుతారు. ఆవు పేరు గౌరి. ఆ ఫారం అతను ఇంకేదో అంటాడనుకో, నేను గౌరీ అనే పిలుస్తాను. అదీ పలుకుతుంది."

ఆయన గౌరి ఫోటో చూపించడానికి ఫోన్ వెతుక్కోవడానికి లేచారు. ఆవిడ మాగాయ జాడీ కోసం లోపలికి వెళ్లింది. రాధాకృష్ణకి అప్పుడు తెనాలి రుమాలు గుర్తొచ్చింది. ఎడమచేత్తో జేబురుమాలు తీసి, బల్ల కింద ఒళ్లో పరిచి, రెండు చెంచాల పెరుగు దానిలోకి జార్చాడు. జీవితంలో ఎన్నడూ ఆఫీసు పెన్ను కూడా ఇంటికి తెచ్చుకోని మనిషి.

ఆవిడ జాడీతో తిరిగొచ్చింది. కంగారులో రుమాలు జేబులోకి పోవాల్సింది మొహం మీదికి పోయింది. కనుబొమల మీద పెరుగు పూసుకుని, తల వంచుకుని, రుమాలుతో కళ్లు ఒత్తుకుంటున్న రాధాకృష్ణని చూసి ఆవిడ అలాగే నిలబడిపోయింది.

"ఎన్నాళ్లయింది నాయనా పెరుగన్నం తిని?" అంది మెల్లగా.

"చాలా రోజులైందండి" అన్నాడు రాధాకృష్ణ. ఆ రోజు మొత్తంలో ఆయన చెప్పిన మాటల్లో అనుమానం లేకుండా అందరూ నమ్మింది అదొక్కటే.

ఆయన కారెక్కగానే ఆవిడ మీనాకి ఫోన్ చేసింది. "డైట్లు ఉండాల్సిందే తల్లీ, కాదనను. కానీ మొగుడు పరాయి ఇంట్లో కూర్చుని పెరుగన్నం తింటూ ఏడవకూడదు కదా" అంది.

ఎయిర్‌పోర్ట్‌లో కనకదుర్గగారు శాలువా కప్పుకుని నిలబడి ఉన్నారు. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి కారెక్కి మౌనంగా కూర్చున్నారు. కారు హీటర్ వేడికి జేబులో రుమాలు తన పని తాను మొదలుపెట్టింది. కొంత దూరం పోయాక ఆవిడ ముక్కు ఎగబీల్చి, అతన్ని ఒకసారి జాలిగా చూసి, అద్దం దించారు. బయట గడ్డకట్టే చలి.

"గ్రూపులో చూశాన్నాయనా" అన్నారు కాసేపటికి. "కావాలంటే మధ్యలో ఎక్కడైనా ఆపుకో. మొహమాటపడకు."

"నేను బాగానే ఉన్నానాంటీ."

"అలాగే అంటారు."

రాధాకృష్ణ ఇంటికి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద పెరుగు డబ్బాలు కొలువుతీరి ఉన్నాయి. పక్కనే మీనా, మొహం పెద్దది చేసుకుని. స్నేహితురాలి వాళ్లమ్మ దింపితే వచ్చిన స్మృతి, ఇదంతా ఏమిటన్నట్టు చూస్తోంది.

"ఏడ్చారటగా" అంది మీనా.

రాధాకృష్ణ జేబులోంచి రుమాలు తీసి, ఖాళీ స్టీలు గిన్నెలో పెట్టి, రెండు చేతులతో కనకదుర్గగారి ముందుంచాడు. పొద్దుటి నుంచి జరిగింది ఒక్కటీ దాచకుండా చెప్పాడు. గిన్నె ఎలా ఖాళీ అయిందన్న చోట మాత్రం "మా నిర్లక్ష్యం" అన్నాడు, కూతురి పేరెత్తలేదు. "ఈ రుమాలులోది మీ తోడేనండి. హనుమయ్యగారింట్లో దొంగిలించాను. నమ్మి అప్పగించారు, నిలబెట్టుకోలేకపోయాను."

కనకదుర్గగారు రుమాలు చూశారు. డబ్బాలు చూశారు. అతని కనుబొమ చివర ఎండిపోయిన పెరుగు చూశారు. కుర్చీలో కూలబడి శాలువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారేమోనని మీనా మంచినీళ్లు తెచ్చింది. ఆవిడ నవ్వుతున్నారు.

"ఒరే రాధాకృష్ణా, విమానం ఎక్కిన దగ్గర్నుంచి నీకెలా చెప్పాలా అని నేను హడలి చస్తున్నానురా. జెర్సీ సిటీలో డాక్టరు నాకు పాలు పడవన్నాడు. ఇన్నేళ్లూ గ్యాస్ అనుకున్నది పాల వల్లేనట. పెరుగు, మజ్జిగ, అన్నీ బంద్. నువ్వేమో ఇన్నాళ్లు కన్నబిడ్డలా సాకి ఉంటావు. దాన్ని నీ చేతిలోంచి తీసుకుని ఏం చేసుకోను, వద్దంటే నువ్వేమైపోతావు అని."

రాధాకృష్ణ పక్కనున్న కుర్చీ తడుముకుని కూర్చున్నాడు.

"వెయిట్" అంది స్మృతి. "మీరందరూ ఆ స్టీల్ బౌల్‌లో పెరుగు గురించా మాట్లాడుతోంది?"

స్మృతి మెట్లెక్కి పైకి వెళ్లి, ఉన్ని టోపీ తొడిగిన గాజు సీసా ఒకటి గుండెకి హత్తుకుని దిగింది. టోపీ తీస్తే లోపల తెల్లగా, గట్టిగా, కదలకుండా పెరుగు.

"నువ్వు పారబోయలేదా?" అంది మీనా.

"నేనెందుకు పారేస్తాను? మీరిద్దరూ ఫీడింగ్ స్టాప్ చేశారు. పైన అంతా ఎల్లో వాటర్ వచ్చేసింది. ఇట్ వాజ్ డయింగ్, అమ్మా. లోపల లివింగ్ థింగ్స్ ఉన్నాయి కదా. వాటి తప్పేం ఉంది? సో నేను లాస్ట్ మంతే రెస్క్యూ చేశా. ఖాళీ బౌల్ ఫ్రిజ్‌లోనే ఉండిపోతే పొద్దున వాష్ చేసి పెట్టాను."

"మరి పాలు?"

"సోయా మిల్క్. ఫస్ట్ టూ టైమ్స్ వాటర్‌లా ఉంది. దెన్ దానికి అలవాటు అయ్యింది. నైట్ వైఫై రౌటర్ మీద పెడతా, వెచ్చగా ఉంటుంది." కొంచెం ఆగి, "క్లబ్‌లో చెప్పకండి" అంది. "దాని పేరు దుర్గ జూనియర్."

మీనా ఒక చెంచా ఇచ్చింది. కనకదుర్గగారు సీసాలోంచి కాస్త తీసి నాలిక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"కాస్త చిక్కుడుగింజ వాసన వస్తోంది" అన్నారు. ఇంకో చెంచా తిన్నారు. "కానీ ఆ పులుపు మా అమ్మదే." మూడో చెంచాకి సీసా తన వైపు లాక్కోబోయారు.

స్మృతి వదల్లేదు. "ఆంటీ, అడాప్ట్ చేయాలంటే ప్రామిస్ చేయాలి. రోజూ ఫీడ్ చేస్తారా?"

"చేస్తానమ్మా."

"ఎవరికైనా ఇచ్చి వెళ్లేటప్పుడు నాన్నకి మాత్రం ఇవ్వకండి."

"ఇవ్వను తల్లీ. ఒట్టు."

"పర్లేదాంటీ, తీసుకెళ్లండి" అని రాధాకృష్ణ కారు తాళాలు తీశాడు. కనకదుర్గగారు దేవుడి గూట్లో వెలుగుతున్న దీపం వైపు చూశారు. "దీపం పెట్టారుగా. ఇప్పుడు గడప దాటించకూడదు" అని, శాలువా మడిచి, ఆ పూటకి అక్కడే ఉండిపోయారు. స్మృతి సీసాకి టోపీ తొడిగి రౌటర్ మీద పెట్టి వచ్చింది. భోజనాల దగ్గర రాధాకృష్ణ కంచంలో మీనా ఒక గరిటెడు అన్నం వడ్డించింది.

ఇక టేబుల్ మీది డబ్బాలు. తినే పదార్థం పారేయడం పాపమని మీనాకి వాళ్లమ్మ నేర్పింది. ఆదివారం పొద్దున్నే, దీపం వేళకి చాలా ముందే, అన్నిటినీ రెండు అట్టపెట్టెల్లో సర్ది పక్కింటి సత్యానికి పంపించింది, కషాయం ఫ్లాస్కుతో సహా. వాటి మీద ఒకే ఒక్క మాట రాసింది: "ఎందుకని అడగొద్దు."

ఈ కథ చదివినవాళ్లు ఇవాళ పాలు తోడు పెట్టుకునేటప్పుడు, ఏ పాలైనా సరే, వరంగల్ సత్యాన్ని ఒక్కసారి తలుచుకోండి. ఆయన కీటో మానేసి ఆ డబ్బాల మజ్జిగే తాగుతున్నాడు, ఇంకా బ్లూబెర్రీ డబ్బా దాకా రాలేదు.